గూట్లో చెక్క కదలకపోయినా పేరెందుకు పక్కకు జరుగుతోంది?

పాఠకుల ప్రశ్నలు: లేజర్ ఎన్‌గ్రేవింగ్, విశాఖపట్నం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందిది ఒకటే బాధ. డిజైన్ స్క్రీన్ మీద నడిమధ్యన ఉంటుంది, వస్తువు మీద పడేసరికి పక్కకు పోతుంది. పెళ్ళి రిటర్న్ గిఫ్టులు, స్కూలు మెడల్స్, ఆఫీసు మెమెంటోలు చేసే చిన్న యూనిట్లు మన ఊళ్ళో బాగా పెరిగాయి. ఆర్డరు ఇచ్చినవాళ్ళు ముందు చూసేది పేరు వంకరగా పడిందా, నిటారుగా పడిందా అన్నదే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దీనికే కేటాయించాను.

ప్రశ్న: ఇంట్లోనే 60 వాట్ల సీఓ2 లేజర్ మెషిన్ పెట్టుకున్నాను సార్. బెడ్ 600 × 400 మి.మీ. చెక్క కీచైన్ల మీద పేర్లు వేస్తాను. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) షీటులో 24 గూళ్ళతో, కీచైన్లు కదలకుండా కూర్చునే జిగ్ చేసుకున్నాను. ఎడమ చివర పేరు చక్కగా పడుతుంది. కుడికి వెళ్ళేకొద్దీ కిందికి దిగిపోయి, ఆఖరి కీచైన్ మీద 2 మి.మీ. తేడా వస్తోంది. జిగ్ తీసి మళ్ళీ పెడితే తేడా ఇంకోలా ఉంటోంది. కెమెరా కొనుక్కుంటే ఈ టెన్షన్ పోతుందా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: కెమెరా సంగతి తర్వాత చూద్దామమ్మా. జబ్బేమిటో మీ ఉత్తరంలోనే ఉంది. ఎడమ పక్క సరిగ్గా ఉండి, కుడికి పోయేకొద్దీ కిందికి దిగుతోందంటే జిగ్ కాస్త తిరిగి కూర్చుంటోంది. సుమారు 400 మి.మీ. దూరంలో 2 మి.మీ. దిగడమంటే 0.3 డిగ్రీ వంకర కూడా కాదు. అంత చిన్న వంకర ఎంత అనుభవమున్న కంటికీ దొరకదు. పేరు పడ్డాక మాత్రం చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

తేడా ఎలా వస్తోందో చూస్తే కారణం తెలిసిపోతుంది. అన్ని గూళ్ళలోనూ ఒకే వైపు, ఒకే కొలతలో జరిగితే ఆరిజిన్ (మెషిన్ లెక్క మొదలుపెట్టే చోటు) తప్పు. వరస పొడవునా గూటి గూటికీ కొంచెం కొంచెం ముందుకో వెనక్కో పోతుంటే మెషిన్ స్టెప్స్ సెట్టింగ్ తప్పు, అంటే 100 మి.మీ. నడవమంటే అది 99.7 నడుస్తోంది. మీకు జరిగినట్టు వరసకు అడ్డంగా పెరుగుతూ పోతే వంకర. ఒక్కో గూట్లో ఒక్కోలా, లెక్కాపత్రం లేకుండా ఉంటే వస్తువు గూట్లో వదులుగా ఉంది. జిగ్ మొత్తానికి మాస్కింగ్ టేపు అంటించి, తక్కువ పవర్‌లో గూళ్ళ గీతలు మాత్రం గీయించి, నాలుగు మూలలా వెర్నియర్‌తో కొలవండి. ఈ ఒక్క పరీక్షతో మీది ఏ రకం తేడానో తేలిపోతుంది.

మీరు జిగ్‌ను హనీకూంబ్ (తేనెపట్టులాంటి జాలీ) బెడ్ అంచుకు ఆనించి పెడుతున్నారనుకుంటాను. చాలామంది చేసేది అదే. ఆ అంచు లేజర్ హెడ్ నడిచే దారికి సమాంతరంగా ఉండాలని ఎక్కడా లేదు. పైగా హనీకూంబ్ దాని ఫ్రేములో అటూఇటూ ఆడుతూనే ఉంటుంది. మూలమట్టం పెట్టి చూసినా లాభం లేదు, అది అంచుల్నే కొలవగలదు. హెడ్ ఏ దారిన నడుస్తోందో చూపించగలిగేది హెడ్ ఒక్కటే. అందుకే జిగ్ కూర్చునే చోటును లేజర్ చేతే కోయించాలి.

పద్ధతి ఇది. బెడ్ మీద 6 మి.మీ. ఎండీఎఫ్ పలక పరిచి, మూలల దగ్గర బోల్టులతో బెడ్ ఫ్రేముకు బిగించండి. ఇక దాన్ని కదపకూడదు. మెషిన్ ఆన్ చేసి హోమింగ్ (హెడ్ తనంతట తాను మొదలు మూలకు వెళ్ళడం) అయ్యాక, లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టయితే 'స్టార్ట్ ఫ్రమ్' దగ్గర 'అబ్సల్యూట్ కోఆర్డ్స్' ఎంచుకోండి. 'కరెంట్ పొజిషన్', 'యూజర్ ఆరిజిన్' రెండూ మీరు చేత్తో హెడ్‌ను జరిపి చూపించిన చోటు నుంచి లెక్క మొదలుపెడతాయి. ఆ చేతి పని వల్లే రోజుకో రకం తేడా వస్తుంది. ఇప్పుడు పలకలో ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి, 6 మి.మీ. డోవెల్ పిన్నులకు (గుండ్రటి కడ్డీ ముక్కలు) బెజ్జాలు కోయించి పిన్నులు దించండి. పిన్నులు ఆటోనగర్‌లో దొరుకుతాయి, దొరక్కపోతే ఏ లేత్ షాపులోనైనా తిప్పి ఇస్తారు. పిన్ను తల జిగ్ పైకి మాత్రం రాకూడదు, హెడ్‌కు తగులుతుంది.

జిగ్ షీటుకు కూడా అంతే దూరంలో రెండు బెజ్జాలు కావాలి. అయితే ఎడమది గుండ్రంగా, కుడిది ఎడమ నుంచి కుడికి సాగిన కోల గాడిలా చేయండి. రెండూ గుండ్రంగా చేస్తే షీటు కాస్త సాగినా, కుంచించుకుపోయినా జిగ్ పిన్నుల్లోకి దిగదు. బలవంతాన దింపితే మధ్యలో ఉబ్బుతుంది. కోల గాడి ఉంటే షీటు పొడవునా సాగడానికి చోటుంటుంది, తిరగడానికి మాత్రం చోటుండదు. గోడ మీద పటం ఒక్క మేకుకైతే వంకర తిరుగుతుంది, రెండో మేకు ఉంటే తిరగదు. మీ పాత జిగ్‌కు లేనిది ఆ రెండో మేకే. నేను టూల్‌రూమ్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ 'ఒక బెజ్జం, ఒక గాడి' అన్నది మొదటి పాఠాల్లో ఒకటి. లేజర్ వచ్చాక దాన్ని అందరూ మర్చిపోతుంటే నాకు బాధేస్తుంది.

బెజ్జాన్ని సరిగ్గా 6 మి.మీ. గీస్తే వదులవుతుంది, ఎందుకంటే లేజర్ గీతకూ మందం ఉంది. ఎండీఎఫ్‌లో అది సుమారు 0.15 నుంచి 0.2 మి.మీ. వరకూ తినేస్తుంది. వేస్టు ముక్క మీద 5.8, 5.85, 5.9 సైజుల్లో వరసగా కోసి, పిన్ను వేలితో నొక్కితే బిగువుగా దిగేది ఏదో చూసుకోండి. ఈ కొలత మెషిన్‌ను బట్టి, ఫోకస్‌ను బట్టి మారుతుంది. నా అంకె చూసి నేరుగా అసలు పలక కోయకండి.

ఇక అసలు పని. గూళ్ళు లేని జిగ్ షీటును పిన్నుల మీద కూర్చోబెట్టి, అక్కడే 24 గూళ్ళూ కోయించండి. గూళ్ళ గీతలూ, వాటిలో పడే పేర్లూ ఒకే ఫైలులో రెండు లేయర్లుగా ఉండాలి. గూళ్ళు కోశాక ఆ లేయర్ అవుట్‌పుట్ ఆపేసి, పేర్ల లేయర్ నడపండి. ఇలా చేస్తే మెషిన్‌లో ఉన్న చిన్న లోపాలు కూడా అడ్డం రావు. గ్యాంట్రీ (హెడ్‌ను మోసే అడ్డపట్టీ) కాస్త వంకరగా ఉన్నా గూడు ఆ వంకరలోనే పడింది, పేరూ ఆ వంకరలోనే పడుతుంది, కాబట్టి రెండూ కలిసే ఉంటాయి. బయట ఇంకో షాపులో కోయించి తెచ్చిన జిగ్‌కు ఈ లాభం ఉండదు. కోసేటప్పుడు కింద పలక మీద గీతలు కొంచెం మాడతాయి, ఫరవాలేదు. ఎయిర్ అసిస్ట్ (కోత మీదికి గాలి ఊదే ఏర్పాటు) ఆన్‌లో పెట్టి, కోత అయ్యేదాకా మెషిన్ దగ్గరే ఉండండి.

హోమ్ రోజూ ఒకే చోటికి వస్తోందో లేదో కూడా చూసుకోండి. టేపు ముక్క మీద ఒక చుక్క కొట్టించి, మెషిన్ ఆఫ్ చేసి, హెడ్‌ను చేత్తో కాస్త జరిపి, మళ్ళీ ఆన్ చేసి అదే చుక్క కొట్టించండి. రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడితే జిగ్ రేపు కూడా పనికొస్తుంది. విడిగా పడితే ముందు హోమ్ స్విచ్ బిగువు, బెల్టు బిగువు సరిచేయించాలి.

గూటి సైజు గురించి ఒక మాట. కీచైన్ చెక్కలన్నీ ఒకే లాట్‌లో వచ్చినా ఒకే కొలత ఉండవు. అన్నిటికన్నా పెద్ద చెక్క పట్టేలా గూడు చేస్తే చిన్న చెక్క అందులో ఆడుతుంది. అలాంటప్పుడు ప్రతి చెక్కనూ గూటిలో ఒకే మూలకు, ఉదాహరణకు ఎడమ కింది మూలకు, నొక్కి పెట్టండి. చేతి మీద నమ్మకం లేకపోతే గూటికి ఎదుటి మూలలో సన్నటి నాలుకలాంటి స్ప్రింగును ఆ షీటులోనే కోయించవచ్చు, అదే చెక్కను మూలకు నెడుతుంది. చెక్క సైజులో 0.6 మి.మీ. తేడా ఉన్నా పేరు మధ్య నుంచి 0.3 మి.మీ. మాత్రమే జరుగుతుంది, అది ఎవరికీ తెలియదు. తెలిసేదల్లా అంచు వెంబడి బోర్డర్ గీత వేసినప్పుడే. గీతకూ అంచుకూ మధ్య ఖాళీ ఒక పక్క 1 మి.మీ., ఇంకో పక్క 1.6 మి.మీ. ఉంటే చూసినవాళ్ళ కన్ను వెంటనే అక్కడికే పోతుంది. పార్టీ గట్టిగా అడిగితే తప్ప బోర్డర్ డిజైన్లకు ఒప్పుకోకండి.

కెమెరా విషయం. మూత కింద బిగించిన కెమెరా సాధారణంగా బెడ్ ఎత్తుకు సెట్ చేసి ఉంటుంది. కెమెరా 500 మి.మీ. ఎత్తులో ఉండి, కీచైన్ పై ముఖం బెడ్ కన్నా 10 మి.మీ. ఎత్తులో ఉంటే, మధ్య నుంచి 200 మి.మీ. దూరంలో ఉన్న చెక్క స్క్రీన్ మీద దాదాపు 4 మి.మీ. అవతలకు కనబడుతుంది. చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఆ 4 మి.మీ. పోదు. ఎత్తు సరిచూసుకుంటే, ఎవరో తెచ్చిచ్చిన ఒకే ఒక్క వస్తువు మీద పేరు వేయడానికి కెమెరా బాగుంటుంది. 24 కీచైన్లకు పిన్నులే నయం.

ప్రశ్న: డీటీపీ షాపు నడుపుతూ ఈ మధ్యే లేజర్ మెషిన్ పెట్టాను. జిగ్ బాగానే ఉంది, ఇంగ్లీషు పేర్లకు తేడా లేదు. తెలుగు పేర్లకే ఇబ్బంది. 'రమ' మధ్యలో ఉంటుంది, 'లక్ష్మి' పైకి ఎక్కినట్టు ఉంటుంది. ఒక్కోసారి పేరు మార్చగానే మొత్తం జాబ్ పక్కకు పోతోంది. జిగ్ మార్చాలా? అక్షరాల అంచులు కూడా రెండుగా కనబడుతున్నాయి.
– ఒక పాఠకుడు, ద్వారకానగర్

జవాబు: జిగ్ జోలికి వెళ్ళకండి. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు, రెండూ డిజైన్ వైపే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో 'సెంటర్' నొక్కితే అది అక్షరాన్ని చూడదు, అక్షరం చుట్టూ పట్టే పెట్టెను చూస్తుంది. 'రమ'కు కింద ఏమీ లేదు. 'లక్ష్మి'కి షకారం వత్తు, మకారం వత్తు కిందికి దిగుతాయి. అక్షరం 6 మి.మీ. ఎత్తు ఉండి, వత్తులు 3 మి.మీ. కిందికి దిగాయనుకోండి. పెట్టె 9 మి.మీ. అవుతుంది, దాని మధ్య 1.5 మి.మీ. కిందికి జరుగుతుంది. పెట్టెను గూటి మధ్యకు తెస్తే అక్షరాలు 1.5 మి.మీ. పైకి లేస్తాయి. ఇంగ్లీషులో అన్నీ పెద్దక్షరాలే వేస్తారు కాబట్టి ఈ తేడా మీకు ఇంతవరకూ తెలియలేదు.

అందుకని తెలుగు పేర్లను పెట్టె మధ్యకు తేకుండా బేస్‌లైన్ (అక్షరాల అడుగు ఆనే గీత) మీద నిలబెట్టండి. కోరల్‌డ్రాలోనో ఇంక్‌స్కేప్‌లోనో కీచైన్ సైజు దీర్ఘచతురస్రం ఒకటి గీసి, అందులో బేస్‌లైన్‌కు ఒక గైడ్ పెట్టుకోండి. ప్రతి పేరునూ ఆ గైడ్ మీదే కూర్చోబెట్టి, కర్వ్స్‌గా (టైపు అక్షరం కాకుండా గీతల బొమ్మగా) మార్చి, దీర్ఘచతురస్రంతో కలిపి గ్రూప్ చేయండి. దీర్ఘచతురస్రానికి వేరే లేయర్ ఇచ్చి దాని అవుట్‌పుట్ ఆపండి. గూళ్ళతో కలిపేటప్పుడు ఆ గ్రూపునే కలపండి. పేరు ఏదైనా గ్రూపు సైజు మారదు, కాబట్టి చోటూ మారదు. గైడ్ ఎక్కడ పెట్టాలన్నది 'రమ' చూసి నిర్ణయించకండి, 'జ్యోత్స్న' చూసి నిర్ణయించండి. ఆ పేరు వత్తులు కింది అంచుకు తగలకుండా పట్టిందంటే మిగతా పేర్లకు చోటు ఉన్నట్టే. వత్తులు లేని పేరు కాస్త పైకి ఉన్నట్టు అనిపించవచ్చు. కానీ 24 కీచైన్లు పళ్ళెంలో పక్కపక్కన పెట్టినప్పుడు అన్ని పేర్లూ ఒకే వరసలో నిలబడితేనే చూడ్డానికి అందం.

రెండోది, జాబ్ మొత్తం పక్కకు పోవడం. మీరు 'కరెంట్ పొజిషన్'లో నడుపుతున్నారు. అందులో లెక్క జాబ్ పెట్టె మూల నుంచో మధ్య నుంచో మొదలవుతుంది. పేరు మారితే పెట్టె మారుతుంది, పెట్టె మారితే లెక్క మారుతుంది. పై జవాబులో చెప్పినట్టు అబ్సల్యూట్‌కు మారండి, ఇది అక్కడితో పోతుంది.

మీరు డీటీపీ చేసేవారు కాబట్టి ఇంకో సంగతి. 'అను' (యూనికోడ్ కాని పాత తెలుగు టైపింగ్) ఫాంట్లలో టైపు చేసింది నేరుగా లేజర్ సాఫ్ట్‌వేర్‌లో పేస్టు చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసినా వత్తులు సరిగ్గా కలిశాయో లేదో ప్రతి పేరూ చదివి చూడాలి. కర్వ్స్‌గా మార్చి తేవడమే క్షేమం. పేర్ల పట్టీ ప్రింటు తీసి పార్టీ చేత సంతకం పెట్టించుకున్నాకే మెషిన్ స్టార్ట్ చేయండి. పెళ్ళి ఆర్డర్లలో పేర్లు ఫోనులో చెబుతారు, 'శ'కూ 'ష'కూ తేడా ఫోనులో వినబడదు.

అక్షరాల అంచులు రెండుగా కనబడుతున్నాయని చివర్లో రాశారు. అది పోతూ ఒక గీత, వస్తూ ఒక గీత గీసేటప్పుడు వచ్చే జారుడు. స్కానింగ్ ఆఫ్‌సెట్‌లో మీరు వాడే వేగానికి తగిన విలువ పెడితే సరిపోతుంది. అంతవరకూ వేగం తగ్గించి నడపండి.

ప్రశ్న: జిగ్‌కు ఎండీఎఫ్ మంచిదా, యాక్రిలిక్ మంచిదా? మా బోర్డుల పనిలో సన్‌బోర్డు ముక్కలు చాలా మిగిలాయి, అవి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సన్‌బోర్డు వాడకండి. షాపుల్లో ఆ పేరుతో ఇచ్చేది ఎక్కువగా పీవీసీ ఫోమ్ షీటు. పీవీసీని లేజర్‌తో కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తేమ తగిలితే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మీ ఊపిరితిత్తులకూ ప్రమాదమే, మెషిన్ పట్టాలకూ ప్రమాదమే. మన సముద్రపు గాలికి అసలే ఇనుము నిలవదు. ఎగ్జాస్ట్ ఉందిగా అని కూడా వాడకండి.

మిగతా రెండింటిలో, ఒక ఆర్డరుకు వాడి పక్కన పడేసే జిగ్ అయితే ఎండీఎఫ్ చాలు. ఏడాది పొడవునా వాడేదైతే యాక్రిలిక్ చేయించండి. ఎండీఎఫ్ తేమకు ఉబ్బుతుంది, అంచులు మొదట ఉబ్బుతాయి. వానాకాలంలో గూళ్ళు బిగుసుకుపోయేది అందుకే. కోశాక అంచులకు సీలర్ రాస్తే కొంత ఆగుతుంది. యాక్రిలిక్ తేమకు పెద్దగా చలించదు కానీ వేడికి సాగుతుంది. 500 మి.మీ. షీటు 10 డిగ్రీల వేడికి సుమారు 0.35 మి.మీ. సాగుతుంది. మధ్యాహ్నం ఏసీ లేకుండా కోసిన జిగ్‌ను ఏసీ గదిలో వాడితే చివరి గూళ్ళలో ఆ తేడా తెలుస్తుంది. కాబట్టి ఏ గదిలో వాడతారో ఆ గదిలోనే, అదే చల్లదనంలో కోయండి.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క పెన్ స్టాండ్ల మీద, కుంకుమ భరిణెల మీద పేర్లు వేసిమ్మని అడుగుతున్నారు. అన్నీ గుండ్రటివి, ఏ రెండూ ఒకే సైజులో లేవు. వీటికి జిగ్ ఎలా చేయాలండీ?
– గిఫ్ట్ షాపు నడిపే ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అడిగినందుకు సంతోషమమ్మా. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున పుట్టిన ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఆ తిరుగుడు వేడికే లక్కను పట్టిస్తారు. ఉలి పట్టేది మనిషి చెయ్యి కాబట్టి సైజు కొంచెం మారుతుంది. దాన్ని లోపమనుకుని కళాకారుల మీద ఒత్తిడి పెట్టకండి, సర్దుకోవాల్సింది మన జిగ్గే.

గుండ్రటి వస్తువుకు గుండ్రటి గూడు చేయకండి, వి ఆకారపు గాడి చేయండి. 90 డిగ్రీల వి గాడిలో ఏ లావు వస్తువు పడుకోబెట్టినా దాని మధ్యరేఖ గాడి మధ్యరేఖ మీదే ఉంటుంది. అంటే పక్కలకు జరగడమన్న సమస్యే ఉండదు. మారేది ఎత్తు ఒక్కటే. వ్యాసంలో 1 మి.మీ. తేడా ఉంటే పైభాగం 1.2 మి.మీ. పైకో కిందికో వెళుతుంది. 2 అంగుళాల లెన్స్‌తో 1 మి.మీ. తేడా వరకూ గీతలో పెద్దగా తెలియదు, అంతకు మించితే గీత లావెక్కుతుంది. అందుకని వచ్చిన సరుకును ముందే వెర్నియర్‌తో కొలిచి, 1 మి.మీ. లోపు తేడా ఉన్నవి ఒక గంపలో వేయండి. ఒక్కో గంపకు ఒకసారి ఫోకస్ పెడితే చాలు. పొడవు వైపు తేడా రాకుండా గాడి చివర ఒక అడ్డుపలక పెట్టి, ప్రతి భరిణె అడుగునూ దానికే ఆనించండి.

రోటరీ (వస్తువును తిప్పుతూ వేసే పరికరం) లేకుండా ఎంత వెడల్పు వరకూ వేయవచ్చో కూడా లెక్క చెబుతాను. 40 మి.మీ. వ్యాసం ఉన్న స్టాండు మీద, పేరును పొడవునా వేసి, అక్షరాల పట్టీ వెడల్పు 10 మి.మీ.కి పరిమితం చేస్తే, అంచుల్లో ఉపరితలం 0.6 మి.మీ. మాత్రమే కిందికి దిగుతుంది. ఫోకస్‌కు ఇబ్బంది లేదు. అదే 20 మి.మీ. వెడల్పు చేస్తే 2.7 మి.మీ. దిగుతుంది, అక్షరం అంచులు మసకబారతాయి. పేరు ఒక్క వరసలో, పొడవునా వేయండి. ఇంతకన్నా పెద్దది అడిగితే రోటరీ మీద వేయాలి.

లక్క వేడికి మెత్తబడుతుంది. పవర్ ఎక్కువైతే అక్షరం చుట్టూ కరిగి, మెరుపు పోయి, గట్టు కడుతుంది. పవర్ తగ్గించి, వేగం పెంచి, ఒక్కసారే పోనివ్వండి. కింద లేత రంగు కర్ర కనబడితే అక్షరం చక్కగా తేలుతుంది. ముదురు ఎరుపు, నీలం మీద బాగుంటుంది, పసుపు మీద అంతగా కనబడదు. ముందు అడుగు భాగం మీద పరీక్షించుకోండి. వీలైతే ఆర్డరు ఇచ్చేటప్పుడే పేరు పడే చోట గీతలూ పువ్వులూ లేకుండా ఒకే రంగు పట్టీ వదలమని కళాకారులను అడగండి. రంగు గీత మీద అక్షరం పడితే జిగ్ ఎంత బాగున్నా పేరు కనబడదు.

ప్రశ్న: మా స్టీలు సామాన్ల షాపులో, జనం తిరిగే చోటే, పేర్లు కొట్టడానికి ఫైబర్ లేజర్ పెట్టాం. టిఫిన్ బాక్సు మూతలకు జిగ్ ఉంది. ఎర్ర లైటులో ఫ్రేము సరిగ్గా కనబడుతుంది, మార్కింగ్ మాత్రం కొంచెం పక్కన పడుతుంది. మూత అంచు దగ్గరైతే ఇంకా ఎక్కువ. పాత సీఓ2 మెషిన్ తెచ్చుకుంటే నయమా?
– ఒక పాఠకుడు, పూర్ణా మార్కెట్

జవాబు: సీఓ2 మెషిన్ మీకు పనికిరాదండి, ఉత్త స్టీలు మీద అది గుర్తు పెట్టలేదు. ఆ కిరణాన్ని స్టీలు చాలావరకూ వెనక్కి తిప్పికొడుతుంది. మీ దగ్గరున్నదే సరైన మెషిన్.

ఫైబర్ కిరణం తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. అది కంటికి కనబడదు కాబట్టి పక్కన ఎర్ర లైటు కలిపి చూపిస్తారు. రెండూ ఒకే లెన్స్ గుండా వెళ్ళినా, రంగు వేరు కాబట్టి లెన్స్ వాటిని వేరువేరుగా వంచుతుంది. మధ్యలో తేడా తక్కువ, అంచులకు పోయేకొద్దీ ఎక్కువ. మీకు కనబడుతున్నది సరిగ్గా అదే. సాఫ్ట్‌వేర్‌లో ఎర్ర లైటుకు విడిగా ఆఫ్‌సెట్, సైజు సవరణ ఉంటాయి. పెయింట్ వేసిన రేకు ముక్క మీద 80 మి.మీ. చతురస్రం మార్క్ చేసి, రేకును కదపకుండా ఎర్ర ఫ్రేము వేసి, రెండూ కలిసేదాకా ఆ అంకెలు సర్దండి. ముందు మార్క్ అయిన చతురస్రం భుజాలు నిజంగా 80 ఉన్నాయో లేదో కొలవండి. అదే తప్పైతే ముందు లెన్స్ కరెక్షన్ చేయాలి, ఎర్ర లైటు సంగతి ఆ తర్వాత.

ఇంకో కారణం ఎత్తు. ఈ మెషిన్లలో కిరణం మధ్యలోనే నిట్టనిలువుగా పడుతుంది, అంచుల్లో ఏటవాలుగా పడుతుంది. 110 × 110 మి.మీ. మేర మార్క్ చేసే లెన్స్‌లో మూత 5 మి.మీ. ఎత్తుగా ఉంటే అంచు దగ్గర అక్షరం 1 మి.మీ.కి పైనే జరుగుతుంది. మూతల ఎత్తు కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి జిగ్ కింద పెట్టే దిమ్మెలు రెండు మూడు ఎత్తుల్లో చేయించుకుని, వాటి మీద మూత మోడల్ రాసిపెట్టండి. మూత గుండ్రటిది కదా, జిగ్‌లో తిరిగిపోకుండా క్లిప్పు తగిలే చోట ఒక గాటు ఇవ్వండి. అప్పుడు మూత మూసినప్పుడు పేరు క్లిప్పుకు సమంగా నిలబడుతుంది. షాపులో జనం తిరిగే చోట మెషిన్ ఉందని రాశారు. 1064కు సరిపడే కళ్ళజోడు ఆపరేటరుకు తప్పనిసరి. చుట్టూ కవరు లేకపోతే అది చేయించేదాకా కస్టమర్లను ఆ టేబుల్ దగ్గరికి రానివ్వకండి.